2023లో కనిపించిన ఎం101 సూపర్‌నోవా నిజానికి ఎప్పుడు పేలింది?

టీచర్ గారూ, నమస్తే.

మీరు అడిగింది ఇది. తొమ్మిదో తరగతిలో ఎం101 గెలాక్సీ ఫొటో చూపించి, "ఇది మనకి దాదాపు 2.1 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, 2023 మే నెలలో ఇందులో ఒక నక్షత్రం పేలిపోయింది" అని చెప్పారు. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "వెలుగు రావడానికే 2.1 కోట్ల ఏళ్లు పడితే 2023లో పేలిందని ఎలా అంటారు మేడమ్, తప్పు కదా?" అంది. దాంతోపాటు ఇంకో రెండు అడిగారు: అన్ని వేల కోట్ల నక్షత్రాల్లో ఒకటి పేలితే ఎలా పట్టుకుంటారు, బడికి టెలిస్కోప్ కొంటే పిల్లలకి ఇలాంటివి చూపించవచ్చా అని.

ముందుగా ఆ అమ్మాయికి నా తరఫున ఒక పెద్ద చాక్లెట్ ఇవ్వండి. ఆమె చెప్పిందే కరెక్టు. ఆ నక్షత్రం 2023లో పేలలేదు. అది పేలినప్పుడు భూమ్మీద మనిషన్న జాతే లేదు. 2023 మేలో జరిగింది ఒక్కటే: ఆ వెలుగు మన దగ్గరికి చేరింది. అయితే ఖగోళ శాస్త్రవేత్తలు దీన్ని "2023 సూపర్‌నోవా" (సూపర్‌నోవా అంటే ఇలా పేలిపోయిన నక్షత్రం) అని రాయడం నిర్లక్ష్యం కాదు. వాళ్లకి గట్టిగా తెలిసిన తేదీ అదొక్కటే.

పాత ఉత్తరాలు మీకు గుర్తుండే ఉంటాయి. ఇన్‌లాండ్ కవరు మీద రెండు తపాలా ముద్రలుండేవి. ఉత్తరం వేసిన ఊరి ముద్ర ఒకటి, చేరిన ఊరి ముద్ర ఇంకొకటి. ఒక్కోసారి మొదటి ముద్ర అలికిపోయి, తేదీ ఎంత తిప్పి చూసినా తెలిసేది కాదు. రెండోది మాత్రం స్పష్టంగా ఉండేది. ఈ సూపర్‌నోవా సరిగ్గా అలాంటి ఉత్తరం. చేరిన ముద్ర ఎంత స్పష్టమంటే, పేలుడు తాలూకు మొదటి వెలుగు మన గడియారం ప్రకారం 2023 మే 18 అర్ధరాత్రికి కాస్త అటూ ఇటూగా భూమిని తాకిందని ఒకటి రెండు గంటల తేడాలో చెప్పగలుగుతున్నారు. వేసిన ముద్ర సంగతి చూడండి. ఎం101 దూరం కొన్ని కొలతల్లో 2.1 కోట్ల కాంతి సంవత్సరాలు, కొన్నింట్లో 2.2 కోట్లకి పైన వస్తుంది. అన్నిటికన్నా జాగ్రత్తగా చేసిన కొలతలో కూడా రెండు శాతం దాకా అటూ ఇటూ ఉంటుంది. 2.2 కోట్లలో రెండు శాతమంటే నాలుగు లక్షల ఏళ్ల పైమాటే! అంటే అది పేలిన "సంవత్సరం" లక్షల ఏళ్ల తేడాతో తప్ప చెప్పలేం, వెలుగు వచ్చిన గంట మాత్రం చెప్పగలం. పేరు పెట్టాల్సి వస్తే మీరు ఏ తేదీతో పెడతారు?

ఇదే గెలాక్సీ కాబట్టి ఆ అమ్మాయికి ఇంకో మెలిక కూడా చెప్పండి, రాత్రంతా ఆలోచిస్తుంది. ఎం101లో 2011 ఆగస్టులో కూడా ఒక సూపర్‌నోవా కనిపించింది. దాని పేరు ఎస్‌ఎన్ 2011 ఎఫ్ఈ. పన్నెండేళ్ల తర్వాత వచ్చిన మన దాని పేరు ఎస్‌ఎన్ 2023 ఐఎక్స్‌ఎఫ్. ఈ రెండింట్లో ఏది ముందు పేలింది? 2011 దే అనుకుంటాం. అదీ చెప్పలేం. ఈ గెలాక్సీ అడ్డంగా 1.7 లక్షల కాంతి సంవత్సరాలుంటుంది. మనవైపు దాదాపు బల్లపరుపుగానే తిరిగి ఉన్నా, కొద్దిగా వాలింది, పళ్లానికి మందమూ ఉంది. ఒక నక్షత్రం మనకి కాస్త దగ్గర వైపు, ఇంకోటి కాస్త అవతలి వైపు ఉంటే వాటి మధ్య వేల కాంతి సంవత్సరాల తేడా రావచ్చు. అంత తేడా ముందు పన్నెండేళ్లు ఏపాటి? రెండో ఉత్తరం వేల ఏళ్ల ముందే బయల్దేరి, దూరం ఎక్కువై వెనక చేరి ఉండవచ్చు.

ఇక పట్టుకోవడం గురించి.

2023 మే 19 రాత్రి జపాన్‌లోని యమగాతా ప్రాంతంలో కోయిచీ ఇతగాకీ అనే ఆయన ఎం101ని ఫొటో తీశారు. ఆయన వృత్తిరీత్యా శాస్త్రవేత్త కాదు, మనలాగే సరదా కొద్దీ ఆకాశం చూసే మనిషి. ఆ సరదాతోనే వందకి పైగా సూపర్‌నోవాలు కనిపెట్టారు. ఆ ఫొటోలో గెలాక్సీ చేతుల్లో ఒకదాని మీద అంతకుముందు లేని చుక్క కనిపించింది. అప్పటికి దాని కాంతి 14.9 మ్యాగ్నిట్యూడ్. ఈ లెక్కలో అంకె పెరిగే కొద్దీ వెలుగు తగ్గుతుంది. చీకటి పల్లెలో మామూలు కంటికి ఆరు దాకా కనిపిస్తాయి. పదిహేను అంటే కంటికి కనిపించే వాటిలో ఆఖరిదానికన్నా నాలుగు వేల రెట్లు మసక.

అన్ని చుక్కల్లో ఎలా గుర్తుపట్టారు అంటే, మీకు తెలిసిన సంగతితోనే చెప్తాను. రోజూ పాఠం చెప్పే క్లాసులోకి మీరు అడుగు పెడుతూనే కొత్త పిల్లాడు కూర్చుని ఉంటే హాజరు పిలవకుండానే తెలిసిపోతుంది కదా? వీళ్లూ అంతే. అవే గెలాక్సీలని ఏళ్ల తరబడి, వీలైన ప్రతి రాత్రీ చూస్తారు. కొత్త ఫొటోని పాత ఫొటో పక్కన పెడతారు. పెద్ద టెలిస్కోపుల్లో ఇప్పుడు కంప్యూటరే కొత్త ఫొటోలోంచి పాతదాన్ని తీసేస్తుంది. మారనివన్నీ కొట్టుకుపోతాయి, మిగిలేది కొత్త చుక్క ఒక్కటే. అమెరికాలో పాలోమార్ కొండ మీది కెమెరాలు ఇదే పని చేస్తాయి. 2011 నాటి సూపర్‌నోవాని పట్టుకున్నది కూడా పాలోమార్ వాళ్లే, పేలుడు వెలుగు వచ్చిన కొన్ని గంటలకే.

2023లో మాత్రం మనిషి కన్ను ముందు పలికింది. తమాషా ఏమిటంటే, కబురు బయటికి పొక్కాక ప్రపంచం నలుమూలలా సరదా ఫొటోగ్రాఫర్లు తమ హార్డ్‌డిస్కులు వెతికారు. ఎం101 అందమైన గెలాక్సీ, పైగా ఆ రోజుల్లో అమావాస్య, అందరూ దాన్నే తీస్తున్నారు. కొందరి ఫొటోల్లో ఇతగాకీ చూడడానికి ఎన్నో గంటల ముందే ఆ చుక్క ఉంది! తీసినవాళ్లు గమనించలేదు, అంతే. ఆ ఫొటోలే తర్వాత శాస్త్రవేత్తలకి బంగారమయ్యాయి. ఒక నక్షత్రం పేలిన మొదటి గంటల్లో ఎలా వెలిగిందో చూపించే ఫొటోలు చాలా అరుదు. మొదట కాస్త ఎర్రగా ఉండి గంటల్లోనే నీలి రంగుకి తిరిగిందని, అంటే చుట్టూ కమ్మి ఉన్న దుమ్ముని ఆ మొదటి మెరుపు కాల్చి పారేసిందని, వాటి నుంచే లెక్క తేల్చారు.

ఎస్‌ఎన్ 2023 ఐఎక్స్‌ఎఫ్ అనే పేరులోని అక్షరాలకీ అర్థం ఉంది, పిల్లలకి మంచి లెక్క అవుతుంది. ఇంగ్లీషు అక్షరాలు 26. ఒక ఏడాదిలో మొదటి 26 చుక్కలకి ఒక్కో అక్షరం, తర్వాత రెండేసి, తర్వాత మూడేసి. ఐ తొమ్మిదో అక్షరం, ఎక్స్ 24వది, ఎఫ్ ఆరోది. తొమ్మిదిని 676తో (అంటే 26×26), 24ని 26తో గుణించి, ఆరు కలిపితే 6714. అంటే 2023లో మే 19 నాటికి పేరు పెట్టిన కొత్త చుక్కల్లో ఇది 6714వది. ఎఫ్ఈని ఇలాగే లెక్కేస్తే 161 వస్తుంది. రెండింటినీ నేరుగా పోల్చకూడదు లెండి. ఇప్పుడు అనుమానపు చుక్కలన్నిటికీ పేరు పెడుతున్నారు, 2011లో సూపర్‌నోవా అని తేలిన వాటికే పెట్టేవాళ్లు. అయినా ఆకాశం మీద నిఘా ఎంత పెరిగిందో తెలుస్తుంది కదా.

నేను చూసిన సంగతి చెప్పకుండా ఉండలేను, కాస్త ఓపిక పట్టండి. 2011లో వానాకాలం మబ్బులు నన్ను ముంచాయి. ఆ సెప్టెంబర్‌లో అది పదో మ్యాగ్నిట్యూడ్ దాకా వెలిగింది. నేను రోజూ డాబా ఎక్కడం, మబ్బుని తిట్టుకుని దిగడం. అందుకే 2023లో కబురు తెలియగానే ఇంట్లో "ఈసారి వదలను" అని ముందే చెప్పేశాను. ఉప్పల్‌లో మా డాబా, ఎనిమిదంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ (పీట మీద చేత్తో తిప్పుకునే సాదా రకం) టెలిస్కోప్. మే 23, రాత్రి పదిన్నర. పగటి ఎండకి గచ్చు ఇంకా సెగ కక్కుతోంది. నెలవంక పడమటికి దిగిపోయింది, చుట్టూ వీధి దీపాల తెలుపు.

దాన్ని వెతకడానికి మన తెలుగువాళ్లకి ఒక సులువుంది. పెళ్లిలో అరుంధతిని చూపిస్తారు చూడండి, ఆ వశిష్ఠ–అరుంధతుల జంట దగ్గరే మొదలుపెట్టాలి. సప్తర్షి మండలం తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, చివరి చుక్క మరీచి. మే నెలలో రాత్రి పది, పదిన్నరకి ఉత్తరం వైపు తిరిగి నిలబడితే సప్తర్షులు తలకిందులుగా, బాగా ఎత్తులో ఉంటారు. వశిష్ఠుడికి కుడిపక్క, దాదాపు అదే ఎత్తులో, చెయ్యి చాచి మూడు వేళ్లు పెడితే ఎంత వెడల్పు వస్తుందో అంతకి కొంచెం పైచిలుకు దూరంలో ఎం101 ఉంటుంది. వశిష్ఠుడు, మరీచి, ఇది కలిపితే ఒక త్రిభుజం. వశిష్ఠుడి నుంచి కుడివైపుకి చిన్న చుక్కల వరస ఒకటి పోతుంది, టెలిస్కోప్‌ని దాని వెంట మెట్టు మెట్టుగా జరుపుకుంటూ వెళ్లాలి.

వెళ్లాను. గెలాక్సీ లేదు! అంటే ఉంది గానీ కనిపించదు. ఎం101 వెలుగంతా కలిపితే ఎనిమిదో మ్యాగ్నిట్యూడ్ దాకా వస్తుంది, కానీ ఆ వెలుగు నిండు చందమామ అంత జాగాలో పలచగా పరుచుకుని ఉంటుంది. గ్లాసెడు పాలు బిందెడు నీళ్లలో పోసినట్టు. హైదరాబాద్ ఆకాశంలో ఆ పలచదనం మిగలదు. చుక్కలు మాత్రం కనిపిస్తున్నాయి. చార్టు ఫోన్‌లో పెట్టుకుని, ఇదిగో ఇదే అని ఒక చుక్కని ఖాయం చేసుకున్నాను, మా ఆవిణ్ణి కూడా లేపి చూపించాను. పడుకోబోతూ అనుమానమొచ్చింది. డాబ్సోనియన్‌లో బొమ్మ తలకిందులుగా పడుతుంది. నేను చార్టుని తిప్పలేదు. ఇరవై ఏళ్లుగా ఆకాశం చూస్తున్నవాడు చేసే తప్పేనా అది! నేను చూపించింది మన పాలపుంతలోని ఏదో మామూలు నక్షత్రం. మర్నాడు ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుని మళ్లీ వెతికాను. మూడు చుక్కల చిన్న వంపు, దాని పక్కన పదకొండో మ్యాగ్నిట్యూడ్ చుక్క. అదే. మా ఆవిడ చూసి, "నిన్నటి దానికీ దీనికీ తేడా ఏముంది?" అంది. చూడ్డానికి నిజంగానే ఏ తేడా లేదు. కాకపోతే నిన్నటిది మన వీధిలో దీపం. ఇది వేరే ఊళ్లో మంట. ఊరంతా నాకు కనిపించడం లేదు, ఆ ఊళ్లో ఒక్క ఇంటి మంట మాత్రం కనిపిస్తోంది.

సూపర్‌నోవా అంటే ఏమిటని పిల్లలు అడిగితే నేను చెప్పేది ఇదే. పదివేల కోట్లకి తక్కువ కాని నక్షత్రాలన్నీ కలిసి నా టెలిస్కోప్‌లో కనిపించలేదు, ఒక్కటి కనిపించింది. ఆ రోజుల్లో అది వంద కోట్లకి పైగా సూర్యులంత వెలిగింది.

ఇంతకీ పేలిందేమిటి? పేలకముందు ఆ చోటుని హబుల్, స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపులు ఎన్నోసార్లు ఫొటో తీసి ఉన్నాయి. ఆ పాత ఫొటోలు తిరగేస్తే సరిగ్గా అక్కడే దుమ్ము ముసుగు వేసుకున్న ఒక ఎర్రటి మహాతార దొరికింది. సుమారు మూడేళ్లకోసారి ఉబ్బుతూ తగ్గుతూ ఉండేదని స్పిట్జర్ కొలతల్లో తేలింది. దాని బరువు మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. సూర్యుడికి ఎనిమిది రెట్ల నుంచి ఇరవై రెట్ల దాకా చెప్పారు. ఆ దుమ్ము ముసుగే ఈ గొడవకి కారణం. కిటికీకి ఎంత మందం పరదా ఉందో తెలియనిదే లోపలి బల్బు ఎన్ని వాట్లదో ఎలా చెప్తాం?

అంత బరువైన నక్షత్రం బతుకు మనం అనుకున్నంత పొడుగు కాదు. సూర్యుడు మొత్తం 1000 కోట్ల ఏళ్లు బతుకుతాడు. పన్నెండు సూర్యుల బరువున్నది రెండు కోట్ల ఏళ్లకే ఖర్చయిపోతుంది, చేతికి ఎముక లేనట్టు ఖర్చు పెడుతుంది కాబట్టి. ఇక్కడ నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు జలదరించే సంగతి ఒకటుంది. ఆ వెలుగు దారిలో ఉన్నదీ దాదాపు అంతే కాలం. నక్షత్రం పుట్టి, బతికి, చావడానికి ఎంత పట్టిందో, ఆ చావు కబురు మనకి చేరడానికీ ఇంచుమించు అంతే పట్టింది. (బరువు పన్నెండు కాక ఎనిమిదైతే బతుకు కాస్త ఎక్కువ, ఇరవై అయితే తక్కువ. ఎలా చూసినా కోట్ల ఏళ్లలోనే.)

లోపల జరిగేది ఇది. హైడ్రోజన్‌ని కాల్చి హీలియం చేసుకోవడానికి కోటి ఏళ్ల పైన పడుతుంది. హీలియం సుమారు పది లక్షల ఏళ్లు వస్తుంది. తర్వాత కార్బన్, నియాన్, ఆక్సిజన్ ఒకదాని వెనక ఒకటి, హీలియంతో పోలిస్తే అన్నీ చాలా త్వరగా అయిపోతాయి. ఆక్సిజన్ నెలల్లోనో కొద్ది ఏళ్లలోనో, చిట్టచివర సిలికాన్ రోజుల్లో. సిలికాన్ కాలగా మిగిలేది ఇనుము. ఇనుమునైతే ఎంత నొక్కినా శక్తి రాదు, పైగా ఎదురు ఖర్చు. అప్పటిదాకా లోపలి మంట పైకి తోస్తూ ఉంటే, బరువు కిందికి నొక్కుతూ ఉంటే, రెండూ సరిపోయి నక్షత్రం నిలబడింది. మంట ఆరింది. సైజులో దాదాపు భూమంత, బరువులో సూర్యుణ్ణి మించిన ఆ ఇనుప గుండె ఒక్క సెకను లోపే కొన్ని పదుల కిలోమీటర్ల ముద్దగా కుప్పకూలుతుంది. గచ్చిబౌలి నుంచి ఉప్పల్ దాకా సరిపోయే ముద్ద, సూర్యుడికన్నా ఎక్కువ బరువు. దాని మీద పడిన సరుకు ఎదురు తన్నుకుని బయటికి బయల్దేరుతుంది.

ఆ అమ్మాయి "ఎప్పుడు పేలింది" అని మళ్లీ నిలదీస్తే ఇక్కడ మూడో తేదీ ఒకటి వస్తుంది. గుండె కూలిన క్షణం వేరు, వెలుగు పైకి వచ్చిన క్షణం వేరు. మహాతార ఎంత పెద్దదంటే, లోపల పుట్టిన ఆ అదురు నక్షత్రం పైపొరకి చేరడానికే చాలా గంటలు, ఒక్కోసారి రోజంతా పడుతుంది. అప్పటిదాకా బయటినుంచి చూసేవాళ్లకి ఏమీ తెలియదు. న్యూట్రినోలనే కణాలు మాత్రం ఆగకుండా వచ్చేస్తాయి. పేలుడు శక్తిలో దాదాపు 99 శాతం వాటిదే. 1987లో మన పక్క గెలాక్సీలో, 1.68 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఒక నక్షత్రం పేలినప్పుడు వెలుగు కన్నా రెండు మూడు గంటల ముందే పాతిక దాకా న్యూట్రినోలు భూమ్మీద దొరికాయి. ఎం101 దానికి వంద రెట్లకి పైగా దూరం, కాబట్టి ఈసారి ఏమీ దొరకలేదు.

పేలుడు తర్వాత మొదటి వారంలోనే అసలు కథ బయటపడింది. దీన్ని గమనించినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. లద్దాఖ్‌లో హాన్లే దగ్గర 4500 మీటర్ల ఎత్తున ఉన్న రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్, 2015లో ఇస్రో పంపిన ఆస్ట్రోశాట్ మీది అల్ట్రావయొలెట్ టెలిస్కోప్ రెండూ దీని మీదికి తిరిగాయి. వెలుగుని రంగులుగా విడగొట్టి చూస్తే తొలి రోజుల్లో సన్నటి, పదునైన గీతలు కనిపించాయి. పేలి చెదిరిపోతున్న సరుకు సెకనుకి వేల కిలోమీటర్ల వేగంతో పోతుంది, దాని గీతలు వెడల్పుగా అలికినట్టుంటాయి. సన్నటి గీతలంటే అక్కడ నెమ్మదిగా కదిలే వాయువు ముందే పోగుపడి ఉందన్నమాట. నక్షత్రం పోవడానికి ముందు చివరి కొన్నేళ్లలో, దశాబ్దాల్లో తన ఒంటి మీది సరుకు బాగా వదిలేసింది. పేలుడు వచ్చి దాన్ని ఢీకొట్టింది. వారం తిరక్కుండానే ఆ గీతలు మాయమయ్యాయి. కనిపెట్టడం వారం ఆలస్యమై ఉంటే ఈ సంగతి మనకి తెలిసేదే కాదు. చూసిన నాటికీ ఐదారు రోజుల తర్వాతకీ మధ్య వెలుగు ముప్ఫై రెట్లకి పైగా పెరిగింది, రెండున్నర నెలలు నెమ్మదిగా తగ్గుతూ వచ్చి, తర్వాత ఒక్కసారిగా పడిపోయింది.

2011 దాని దారి పూర్తిగా వేరు. అది కూలడం కాదు, అంటుకోవడం. అక్కడ పేలింది మహాతార కాదు, ఎప్పుడో చచ్చి చల్లారుతున్న తెల్ల మరుగుజ్జు. భూమంతే ఉంటుంది, బరువు ఇంచుమించు సూర్యుడంత. పక్క నక్షత్రం నుంచి సరుకు చేరి ఖగోళ శాస్త్రవేత్త చంద్రశేఖర్ లెక్కగట్టిన 1.4 సూర్యుల హద్దు దగ్గరికి వస్తే లోపలి కార్బన్ అంతా ఒకేసారి అంటుకుంటుంది. ఈ రకం పేలుళ్ల గరిష్ఠ వెలుగు ఒక పద్ధతిలో ఉంటుంది కాబట్టి వాటిని దూరాలు కొలిచే కొలకర్రలా వాడతారు. ఆ కొలకర్రతోనే విశ్వం రోజురోజుకీ ఇంకా వేగంగా విస్తరిస్తోందని 1998లో తేల్చారు. 2011 అక్టోబర్‌లో దానికి నోబెల్ ప్రకటించినప్పుడు ఎం101లో అదే రకం సూపర్‌నోవా ఇంకా వెలుగుతూనే ఉంది. ఎం101 దగ్గరి గెలాక్సీ, దూరం వేరే పద్ధతుల్లోనూ కొలవగలం. అందుకే ఆ కొలకర్రకి గీతలు దిద్దడానికి అది పనికొచ్చింది.

ఒకే గెలాక్సీలో పన్నెండేళ్లలో రెండు రకాల చావులు. 1909, 1951, 1970ల్లో కనిపించిన వాటితో కలిపి ఎం101లో ఐదు. మన పాలపుంతలో కంటికి కనిపించిన ఆఖరి పేలుడు 1604 లోది. నాకైతే కాస్త అసూయే.

మీరు చూపించే ఫొటోలో ఇంకోటి గమనించమనండి. హబుల్ తీసిన 51 ఫొటోలు కలిపి 2006లో విడుదల చేసిన బొమ్మ అయ్యుంటుంది, అందరి దగ్గరా ఉండేది అదే. దీపావళి భూచక్రం తిరుగుతున్నప్పుడు పై నుంచి చూసినట్టుంటుంది. దాని చేతుల మీద గులాబీ రంగు మచ్చలుంటాయి. అవి కొత్త నక్షత్రాలు పుట్టే మేఘాలు. 2023 నాటి చుక్క అలాంటి ఒక పెద్ద మేఘం పక్కనే వెలిగింది. యాదృచ్ఛికం కాదు. బరువైన నక్షత్రాలకి పుట్టిన ఊరు దాటి పోయేంత ఆయుష్షు ఉండదు. తెల్ల మరుగుజ్జులు వందల కోట్ల ఏళ్లు తిరిగి ఎక్కడైనా పేలవచ్చు.

ఇది చెప్తే పిల్లలు "మన దగ్గర పేలితే?" అంటారు, ఖాయం. ఆర్ద్ర కార్తె అంటాం కదా, ఆ ఆర్ద్రా నక్షత్రం కూడా ఇలాంటి ఎర్ర మహాతారే. 2019 చివర్లో అది మసకబారితే పేలిపోతుందని వాట్సాప్ అంతా హోరెత్తింది. అడ్డొచ్చింది దుమ్ము, 2020 వేసవికల్లా మళ్లీ వెలిగింది. ఎప్పటికైనా పేలుతుంది, లక్ష ఏళ్లు పట్టినా పట్టవచ్చు. కొన్ని వందల కాంతి సంవత్సరాల దూరం కాబట్టి పగలు కూడా కనిపిస్తుందే తప్ప మనకి హాని లేదు.

టెలిస్కోప్ విషయం. ఆ సూపర్‌నోవా ఇప్పుడు చాలా మసకబారింది, బడి టెలిస్కోపులో కనిపించదు. దాని కోసం కొనకండి. ఆన్‌లైన్‌లో "675 రెట్లు పెద్దగా" అని రాసి అమ్మే సన్న గొట్టాల జోలికి అసలు పోకండి. నా మొదటిది అలాంటిదే, కాళ్లు ఎంత వణికేవంటే చందమామ కూడా పరిగెత్తేది. రెట్లు కాదు, అద్దం వెడల్పు చూడాలి. ఆరంగుళాల డాబ్సోనియన్ బడికి చాలు. బడ్జెట్ లేకపోతే ముందు పది–యాభై (పది రెట్లు పెద్దగా చూపే, ముందు అద్దం 50 మిల్లీమీటర్లుండే) బైనాక్యులర్స్ ఒకటి తీసుకోండి. మీది పల్లె కాబట్టి మా ఉప్పల్ కన్నా మీ ఆకాశమే గొప్ప. అమావాస్య రాత్రి ఎం101 అందులో పొగమరక లాగా కనిపించే అవకాశముంది. ఫొటోలో రంగులు చూసినవాళ్లు "ఇంతేనా?" అంటారు, ముందే చెప్పి ఉంచండి.

క్లాసులో అయితే ఇలా చేయించండి. 2023 మేకి ముందు తీసిన ఎం101 ఫొటో ఒకటి, తర్వాతది ఒకటి ప్రింటు తీసి, బెంచీకో జత ఇచ్చి కొత్త చుక్క ఎక్కడుందో వెతకమనండి. రెండోదాన్ని తలకిందులుగా ప్రింటు తీయండి, నా తిప్పలు వాళ్లకీ తెలుస్తాయి. ఆ తర్వాత ఏప్రిల్ లేదా మే నెల అమావాస్యకి ఒక శనివారం దగ్గర పడేలా చూసుకుని, రాత్రి పది దాటాక ఊరి బయట చెరువు గట్టుకి తీసుకెళ్లండి. అరుంధతి దగ్గర మొదలుపెట్టండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు ఆగండి. చెరువు గట్టు అంటున్నాను కాబట్టి దోమల మందు తప్పకుండా పట్టుకెళ్లండి.